తాత బొంత మీద మనవరాలు

మా మనవరాలి ఎత్తు నాలుగు అడుగుల పదకొండున్నర అంగుళాలు. సూరత్‌లో, అమ్రోలి పేటలోని మా ఇంటి తలుపు చట్రం మీద పెన్సిల్ గీత పెట్టి నేనే కొలిచాను. నలుగురు పట్టే చిన్న విమానం నడుపుతుంది. ఆ సీట్లో కూర్చుంటే ఆమె కళ్లు అద్దం అడుగు దాకానే వస్తాయి.

"అమ్మమ్మా, రన్‌వే కనబడాలె. మూడు అంగుళాల మెత్త కుట్టియ్యి," అంది.

సముద్రం ఒడ్డు వెంట సర్వే చేసే కంపెనీలో ఆమెకు పని రావాలంటే ఒక పెద్ద పైలట్‌ను పక్కన పెట్టుకుని ఐదు గంటలు నడిపి, తానే దించాలి. వరాఛా బజారు నుంచి మంచి ఫోమ్ తెప్పించి కుట్టాను. పది నిమిషాలు కూర్చుని చూశాను. మెత్తగా, హాయిగా ఉంది.

పరీక్ష రోజు సాయంత్రం మెట్ల మీద ఒక కాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

"మూడు గంటలు రాణి లెక్క కూసున్న. తర్వాత నీ మెత్త కుంగింది. దిగేటప్పుడు ముందర ఏం కనబడలే. సార్ ‘పైలట్ ఏడికి పోయింది’ అని నవ్వి, ఆయనే దించిండు. కాలు తిమ్మిరెక్కింది. వచ్చే నెల ఇంకోసారి చూస్తడట. గిట్లనే అయితే ఈ పని నాకు రాదు."

ఆ రాత్రి వంట చేస్తుంటే మా ఆయన గుర్తొచ్చారు. సూరత్ రాకముందు ఊళ్లో గుంట మగ్గం మీద నేసేవారు. పెళ్లయిన కొత్తలో మగ్గం ముందరి చెక్క పలక మీద కూర్చోవడానికి నేను దూది మెత్త ఇస్తే, పక్కన పడేసి, "ఇది పండుకునేటందుకా, కూసునేటందుకా?" అన్నారు. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి, దగ్గర దగ్గరగా కుట్టిన బొంత కావాలన్నారు. అది గట్టిగా ఉండేది, కుంగేది కాదు. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా ఆయన చేయి ఒకే ఎత్తులో ఆడేది. ఇక్కడి మిల్లులో నిలబడే పని. అయినా ఆ బొంత మాతోనే వచ్చింది. ఆయన పోయాక పెట్టెలో పెట్టాను.

తీసి చూస్తే ఇంకా గంజి వాసన.

"తాతది కోస్తవా?" అంది మనవరాలు.

"కొయ్య. విప్పుత."

ఒక్కో పొర విప్పుతుంటే ఒక్కో చీర బయటపడింది. పదకొండు. ఇక్కడికొచ్చాక పైన కప్పి కుట్టిన ఆకుపచ్చ అంచు చీర కట్టుకునే నేను ఈ ఊళ్లో రైలు దిగాను. వంగపండు రంగుది ఆయన నేసిందే, ఒక చోట పోగు తప్పింది. అప్పుడు అలిగాను. ఇప్పుడు ఆ చోటు వేలితో తడిమి, మడిచి పక్కన పెట్టాను. ఆ పదకొండుకు నావి ఇంకో ఆరు చేర్చి, తొడ కింద నొక్కకుండా ముందు అంచుకు రెండు పొరలు తగ్గించి కుట్టాను.

ఆదివారం ఆమెను దాని మీద కూర్చోబెట్టి, కంటికి ఎదురుగా గోడ మీద గీత గీసి, ఒలవమని ఒళ్లో పాప్డీ చిక్కుళ్లు పోశాను.

కొంతసేపయ్యాక, "అమ్మమ్మా, బాత్రూమ్‌కు పోవాలె," అంది.

"విమానంలో పోతవా?"

"పోను."

"మరి కూసో."

"తాతను కూడా గిట్లనే సతాయించినవా?"

"ఆయన నిన్ను మించిన మొండి."

ఐదు గంటలు నిండేసరికి చిక్కుళ్లన్నీ ఒలిచేసింది. కన్ను గీత మీదే ఉంది.

రెండో పరీక్ష రోజు సాయంత్రం వంటింట్లో పొయ్యి కట్టేసి మెట్ల వైపు చెవి పెట్టాను. మగ్గాల మధ్య బతికిన చెవి నాది, లయ తప్పితే తెలిసిపోతుంది. కింద గేటు తీసిన శబ్దం. తర్వాత మెట్ల మీద అడుగులు, రెండు కాళ్లవీ ఒకే తీరుగా.

తలుపు తీశాను. బొంత చంకలో ఉంది.

"నేనే దించిన," అంది.