నల్లతెర మనిషి

ఆఫీసులో అందరూ విండోస్‌లో మౌస్‌తో పని చేసుకుంటుంటే, అతనొక్కడే నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేస్తూ కూర్చుంటాడు. ఆ ఆజ్ఞలు నడిపేవి యూనిక్స్ అనే మరో సిస్టం తరహా పనిముట్లు, ఎవరో రాసి ఊరికే ఇచ్చినవి. ఎంటర్ నొక్కబోయే ముందు చిటికెనవేలు ఒక్క క్షణం గాలిలో ఆపుతాడు. "ఏం నల్లతెరా, మంత్రం పారిందా?" అని పక్క సీటాయన వెక్కిరిస్తే, "మీరు గంటసేపు చేసేది నాకు ఒక్క లైనండీ" అంటాడు. అది నిజమే. కంపెనీ సాఫ్ట్‌వేరంతా అతని చేతి మీదుగానే బయటికి వెళ్తుంది.

ఇవాళ ఒక పాత ఫోల్డరు తుడిచెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. అందులో, ఆఫీసులో బొమ్మలు గీసే అమ్మాయి ఫోల్డరుకు దారి చూపేలా విండోస్‌లో పెట్టిన లింకు ఒకటుంది. అది లింకని పనిముట్టు పోల్చుకోలేదు. దాని గుండా వెళ్లి, రేపు కస్టమరుకు చూపాల్సిన బొమ్మలన్నీ తుడిచేసింది. వాటికి ఇంకో కాపీ లేదు.

"కంగారెందుకు అన్నయ్యా, రీసైకిల్ బిన్‌లో ఉంటాయిగా, తీసివ్వు" అంది ఆమె, సంగతి విని. ఈ పనిముట్టు తుడిచినవేవీ అందులోకి వెళ్లవని అతనికి తెలుసు. అయినా మౌస్ అందుకుని బిన్ తెరిచాడు. ఖాళీగా ఉంది.

"కాసేపాగితే వస్తాయేమో" అంటూ ఆమె కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.