కంట్రోలర్ చిప్పుకు పెట్టిన బొట్టు

సూర్యాపేట నుంచి కోదాడ దాకా నా చేతిలో పడి బతకని పాత కంప్యూటర్ లేదు. ఈ మాట పెళ్లి పందిళ్లలో, బస్సుల్లో చాలాసార్లు చెప్పాను. నిజం చెప్పాలంటే, బతికినవాటిలో సగం వైరు ఊడి ఆగిపోయినవే. నిజంగా జబ్బు చేసినవాటిలో మిర్యాలగూడ రైస్ మిల్లు డబ్బా ఒకటి.

వడ్ల ట్రాక్టర్ కాంటా ఎక్కగానే తూకం ఆ డబ్బా తెర మీద కనిపిస్తుంది, చీటీ అచ్చవుతుంది. దాని ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో నడవదు. అందుకే దాన్ని పాత సైకిల్‌లా నెట్టుకొస్తున్నారు. దాని ముందు కూర్చునే ఆవిడకు ఆ కుర్చీలోనే జుట్టు నెరిసింది.

మొన్న దసరా వెళ్లగానే ఆవిడ ఫోన్ చేసింది.

"సారూ, డబ్బా లేస్తలేదు. హార్డ్ డిస్క్ కంట్రోలర్ ఫెయిల్ అని సూపిచ్చి ఊకుంటున్నది. జర జల్ది రాండ్రి."

వెళ్లేసరికి మిల్లు ముందు కిలోమీటరు పొడవున ట్రాక్టర్లు. సరే, కిలోమీటరు కాదు, గేటు దాటి మలుపు దాకా. హాలియా వైపు నుంచి, పాలకీడు వైపు నుంచి కోత మిషన్ కింద నుంచి నేరుగా వచ్చిన పచ్చి వడ్లు. ఎక్కువసేపు కుప్పగా ఉంటే వేడెక్కి రంగు మారిపోతాయి. మిల్లు యజమాని సేటు ఎండలోనే నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, బువ్వ యాళ్ల దాక సూస్త. కాకపోతే బండ్లను పక్క మిల్లుకు తోలేస్త. కొత్త కాంటా తెప్పిస్త. దానికి మనిషే అక్కర్లేదంట."

ఆ చివరి మాటకు, కిటికీ లోపల కాగితాలు సర్దుతున్న ఆవిడ చేయి ఆగిపోయింది.

జబ్బు డిస్కుదా, దాన్ని నడిపించే కంట్రోలర్‌దా అన్నది ముందు తేలాలి. స్క్రూడ్రైవర్ మొన డిస్కుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. లోపల పళ్లెం సన్నగా, నిలకడగా తిరుగుతోంది. టకటకలు లేవు. డిస్కు బాగానే ఉంది. మధ్యలో ఉన్న వైరు ఊడదీసి మళ్లీ తగిలించాను. అదే ఫెయిల్. ఇక మిగిలింది కంట్రోలర్ కార్డు. కోదాడలో పాత సామాను కొనే ఆయనకు ఫోన్ చేశాను.

"ఆ కార్డులాండీ? మొన్ననే పాత ఇనుముతో పాటు తూకానికి అమ్మేశానండీ. మీరింకా వాటినే పట్టుకుని వేలాడుతున్నారా?"

చేసేదేం లేక కార్డు బయటికి లాగాను. దాని మీదున్న నల్ల చిప్పుకు నిండుగా పసుపు, నడుమ గుండ్రంగా కుంకుమ బొట్టు! తడి పసుపు చిప్పు కాళ్ల సందుల్లోకి దిగి, ఎండి గడ్డకట్టింది.

ఆవిడ తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించింది. "నిరుడు మీరే అన్నరు గద సారూ, గీ నల్లదే డబ్బాకు దేవుడు, ఇది దయతలిస్తేనే డిస్కు మాట ఇంటదని. ఆయుధపూజ నాడు మోటర్లకు, జల్లెడలకు అన్నిటికి బొట్టు పెట్టి, దేవునికి పెట్టకుంట ఎట్లుంట? మూత ఇప్పి మరీ పెట్టిన. సేటుకు చెప్పకుండ్రి. నేనే ఖరాబ్ చేసిన్నంటడు."

నిరుడు నేను చేసిందల్లా ఆ చిప్పును బొటనవేలితో ఒక నొక్కు నొక్కడమే. వేడికీ చలికీ అది సాకెట్‌లోంచి కొద్దిగా పైకి లేస్తుంది, నొక్కితే కూర్చుంటుంది. అంత మాత్రం చెబితే గౌరవం ఏముంటుంది? అందుకని దేవుణ్ని చేశాను.

చిప్పును అటు కొంచెం, ఇటు కొంచెం ఎత్తి ఊడదీశాను. నా చేయి వణకదని అందరికీ చెబుతుంటాను. ఒక కాలు వంగింది. ఆవిడ గాజులకున్న పిన్నీసు తీసి ఇస్తే, దానితో నిదానంగా సరిచేశాను. మెడికల్ షాపు స్పిరిట్, పళ్ల బ్రష్‌తో పసుపంతా కడిగి, కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఆరబెట్టి, చిప్పు గాడి ఏ వైపు రావాలో చూసుకుని మళ్లీ కూర్చోబెట్టాను. స్విచ్ వేస్తే తెర మీద అక్షరాలు పరుగెత్తి, కాంటా ప్రోగ్రాం వచ్చి నిలబడింది.

సేటు లోపలికి వచ్చాడు. "ఏమైండె?"

"తేమ," అన్నాను.

"తూకం సరిగ్గ సూపిస్తదా?"

"నేనే ఎక్కి నిలబడత, సూడుండ్రి. ఎనభై కిలోలు. అటు ఇటు పోదు."

ధీమాగా వెళ్లి, ట్రాక్టర్ల వాళ్లందరికీ వినబడేలా "ఎనభై!" అని మళ్లీ చెప్పి, కాంటా నడిమధ్య నిలబడ్డాను. ఆవిడ కిటికీలోంచి నీరసంగా చెప్పింది. "అరవై, సారూ."

వరుసలో మొదటి ట్రాక్టర్ పాలకీడు రైతుది. "ఓరి నీ! బక్క ముసలాయన మీదనే ఇరవై మింగింది. నా ట్రాలీల ఎంత మింగుతదో! నేను పోత," అని ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"ఇగ ఖతం. కొత్తదే తెప్పిస్త," అన్నాడు సేటు. ఆవిడ నా వైపు చూసిన చూపుకు, ఉన్న అరవైలో ఇంకో పది తగ్గినట్టయింది.

"ఆగు సేటూ. కాంటా తప్పు లేదు. ఆ ఇరవై నేను కలిపినయి."

"కలిపినయా?"

"నేనేం చెప్పినా జర కలిపే చెప్త. ఎనభై నా పెండ్లి నాడు గూడ లేను. తేమ గూడ అబద్ధమే. చిప్పుకు పసుపు తగిలింది. దేవుడని చెప్పింది నేను. ఆమె నమ్మింది, అంతే."

రైతు అంత సులువుగా వదల్లేదు. నన్ను మిల్లులోకి నడిపించుకుపోయి, బస్తాలు తూచే కాంటా మీద ఎక్కించాడు. అరవైకి ముల్లు ఆగింది. "నిజమే. మనిషే తక్కువున్నడు, కాంటా మంచిగనే ఉన్నది," అంటూ వెళ్లి ట్రాక్టర్‌ను ముందుకు తెచ్చాడు.

సేటు నవ్వాపుకోలేకపోయాడు. "నిరుడు నీ మాట ఇని ఆ దేవునికి నేను గూడ దండం పెట్టిన గదనయ్యా! కానియ్యమ్మా, చీటీ తియ్యి. కొత్తది వద్దు, ఏం వద్దు."

ఆవిడ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. ట్రాలీ ఎక్కింది, చీటీ కిర్రుమంటూ బయటికి వచ్చింది. చింపి రైతుకు ఇస్తూ నన్ను అడిగింది.

"వచ్చే దసరకు బొట్టు ఏడ పెట్టాలె సారూ?"

"మూతకు, బయట పక్క. పొడి కుంకుమ."

"గిదన్న ఉన్నదున్నట్టు చెప్పిన్రా? ఇందుల గూడ ఏమన్న కలిపిన్రా?"