గట్టు అవతలి తల్లి కోసం

మొన్న మంగళవారం ఉదయం నందిగామ బస్సులో సీటు దొరికి కూర్చున్నానో లేదో ఫోను మోగింది. మా పేట వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు, టీచర్‌గారు ప్రభువునందు నిద్రించారని. నిజం చెప్పాలంటే నాకు ముందు నవ్వొచ్చింది. ఆవిడ పగటిపూట కునుకు తీయగా చూసినవాళ్ళు మా పేటలో ఒక్కరూ లేరు. రెండోసారి చదివితే గాని ఆవిడ పోయారన్న విషయం బుర్రకెక్కలేదు. చిల్లకల్లులో దిగిపోయి, ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు చెప్పి, వెనక్కి వచ్చే ఆటో ఎక్కాను.

పాలు కాచుకుని, గ్లాసులో పోసుకుని, కుర్చీలో కూర్చుని అలాగే ఒరిగిపోయారట. గుండె. స్టవ్వు కట్టేసి, గ్యాస్ బండ దగ్గర కూడా తిప్పేసి ఉందని పక్కింటావిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. పోయేటప్పుడు కూడా ఇంకొకరికి ప్రమాదం లేకుండా చూసుకున్నారని ఆమె ఉద్దేశం. నాకూ అలాగే అనిపించింది.

టీచర్‌గారు మా చిన్నప్పుడు బళ్ళో సోషల్ చెప్పేవారు. జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల పోయే సిమెంటు లారీల రోడ్డు పక్కన మా పేట. భర్త చాలా ఏళ్ళ కిందటే పోయారు, పిల్లలు లేరు. రిటైరయ్యాక విజయవాడలో ఉన్న చెల్లెలు రమ్మంటే, అక్కడ నాకు పనేం ఉంటుందని వెళ్ళలేదు. ఇక్కడ మాత్రం ఆవిడకి చేతినిండా పని. అందులో ముఖ్యమైనది ఆదివారం ప్రార్థన.

చర్చిలో పాటలకీ ప్రసంగానికీ మధ్య విజ్ఞాపన ప్రార్థన అని ఒకటుంటుంది. ఎవరికే కష్టమున్నా అందరి తరఫునా ఒకరు లేచి దేవుడికి చెప్పాలి. మా సంఘంలో ఆ పని ఇరవై ఏళ్ళకు పైగా టీచర్‌గారిదే. శనివారం సాయంత్రం పాత పరీక్ష పేపర్లు వెనక్కి తిప్పి, నాలుగ్గా మడిచి, పెన్సిలు పట్టుకుని వీధిలోకి వచ్చేవారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "ఏమ్మా, రేపటికేమన్నా ఉందా?" అని అడిగేవారు. కూరగాయలమ్మి కూడా అంత శ్రద్ధగా అడగదు. ఒకళ్ళు మోకాళ్ళ నొప్పులంటారు, ఒకళ్ళు ఇంటర్ రిజల్ట్సు అంటారు, ఒకళ్ళ గేదె చూలు నిలవడం లేదు. అన్నీ రాసుకునేవారు. గేదె సంగతి రాసుకున్నందుకు మేం చాటున నవ్వుకునేవాళ్ళం. ఆ ఇంటావిడ మాత్రం ఆ ఆదివారం అందరికంటే ముందొచ్చి కూర్చునేది.

ఆ ప్రార్థన వింటే లోకమంతా ఒకసారి తిరిగొచ్చినట్టుండేది. మా వీధి మలుపులో గుంట దగ్గర మొదలై, జ్వరాలూ మిర్చి ధరా దాటుకుని, ఎక్కడో మేం మ్యాపులో కూడా చూడని దేశంలో బాంబులు పడుతున్న బళ్ళ దాకా వెళ్ళేది. ముఖ్యమంత్రి ఏ పార్టీ అయినా ఒకటే మాట. అధికారంలో ఉన్నవాళ్ళకి వినే చెవులియ్యి, లేనివాళ్ళకి ఓపికియ్యి. రెండు పార్టీలవాళ్ళకీ ఆ మాట గుచ్చుకునేది. రెండు పార్టీలవాళ్ళూ ఆమెన్ అనేవారు. వేదాద్రి గుడి తిరునాళ్ళప్పుడు కృష్ణలో స్నానాలకి దిగేవాళ్ళు క్షేమంగా గట్టెక్కాలని కూడా అడిగేవారు. అది మనకెందుకండీ అని ఒక పెద్దమనిషి అంటే, కృష్ణ అందర్నీ ఒకేలా ముంచుద్ది కదండీ అన్నారు.

ఒకసారి ఈ పద్ధతి వల్ల పెద్ద గొడవే అయింది. పంచాయతీ ఎన్నికల్లో వార్డుకి నిలబడ్డ ఒకాయన రెండు రోజులు కనపడలేదు. ఏమైందని టీచర్‌గారు గుమ్మం దగ్గర అడిగితే, ఒంట్లో బాగా లేదని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఆదివారం పేరు పెట్టి, కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థన చేశారు. ఆరాధన అవగానే సగం సంఘం బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకుని వాళ్ళింటికి బయల్దేరింది. తీరా చూస్తే ఆయన ఎదుటి పార్టీవాళ్ళ ఇంట్లో కోడికూర తింటూ, నామినేషన్ వెనక్కి తీసుకునే బేరం మాట్లాడుకుంటున్నాడని తెలిసింది. టీచర్‌గారు ఏమాత్రం సిగ్గుపడలేదు. వచ్చే వారం మళ్ళీ ఆయన పేరు చదివి, జబ్బు ఇంకా తగ్గలేదు ప్రభువా అన్నారు.

ఆదివారం మోకాళ్ళ మీద అడిగినదాన్ని సోమవారం కాళ్ళ మీద వెళ్ళి అడగాలనేవారు. అన్నట్టే సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వడానికి నందిగామ బస్సెక్కేవారు. నేను ఉద్యోగం చేసేది అక్కడే ఒక ఆఫీసులో కాబట్టి మధ్యాహ్నం నా టిఫిన్ బాక్సులో సగం ఆవిడదే. ఆ మలుపులో గుంట ఆరోసారి అర్జీ పెట్టాక పూడ్చారు. దేవుడు పూడ్చాడా, అర్జీ పూడ్చిందా అని నేను ఆటపట్టిస్తే, రెండూ ఒకే ఆఫీసనుకో అన్నారు.

ఇక నాకు చెప్పడానికి కష్టంగా ఉన్న సంగతి చెప్పాలి.

మా తమ్ముడు మిలిటరీలో ఉన్నాడు. ఆ మధ్య సరిహద్దులో కాల్పులు మొదలైనప్పుడు నాలుగు రోజులు వాడి ఫోను కలవలేదు. అమ్మ అన్నం మానేసింది. ఇంట్లో టీవీ కట్టెయ్యనిచ్చేది కాదు. అందులో అరిచేవాళ్ళని చూస్తే, రేపు పొద్దున వాళ్ళే తుపాకులు తీసుకుని బయల్దేరతారేమో అన్నట్టుండేది. జగ్గయ్యపేట సెంటర్లో కుర్రాళ్ళు జెండాలు కట్టుకుని బైకుల మీద తిరిగారు. శనివారం టీచర్‌గారు మా గుమ్మంలోకి వస్తే అమ్మ తమ్ముడి పేరు ఒక్కటే చెప్పగలిగింది. ఆవిడ పెన్సిలు తీయలేదు. ఇది రాసుకుంటేనా గుర్తుండేది అని అమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

మర్నాడు తమ్ముడి పేరు పెట్టి ప్రార్థన చేశారు. వాడి కాలికి ముల్లు కూడా గుచ్చుకోనివ్వకు అన్నారు. అమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది. అంతలో టీచర్‌గారు కాస్త ఆగి, అదే గొంతుతో ఇలా అన్నారు: "తండ్రీ, గట్టు అవతల కూడా ఒక కొడుకు కాపలా కాస్తున్నాడు. వాడి పేరు మాకు తెలియదు, నీకు తెలుసు. వాళ్ళమ్మ కూడా ఈ నాలుగు రోజులూ అన్నం తిని ఉండదు."

కుర్చీ జరిగిన చప్పుడైంది. కళ్ళు తెరిస్తే అమ్మ గుమ్మం దాటి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో నడిచిపోతోంది. టీచర్‌గారు ఆ మాట దగ్గరే ఆగిపోయారు. తర్వాత ఏం అడగబోయారో ఎవరికీ తెలియదు. పాస్టరుగారే ఆమెన్ అని ముగించారు.

మధ్యాహ్నానికి ఆ మాటలు ఫోనుల్లో తిరిగాయి. ఎవరో రికార్డు చేశారు. బళ్ళో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే దేశద్రోహి అని కింద రాశారు. సాయంత్రం టీచర్‌గారు మా ఇంటికొచ్చారు. అమ్మ లోపలి గదిలోంచి బయటికి రాలేదు. నేను గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడాను. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నేను నోరు జారానని కూడా అనలేను, తగలాలనే అన్నాను.

"మీకు కొడుకుల్లేరుగా టీచర్‌గారూ. ఉంటే తెలిసేది."

ఆవిడ ముఖం మారలేదు. గేటు మీద చెయ్యి వేసి మెల్లగా చెప్పారు. "లేరమ్మా. నేను చదువు చెప్పిందంతా వేరేవాళ్ళ కొడుకులకే. అందుకే ఎవరి కొడుకని విడదీసి చూడ్డం చేతకాలా. కానీ మీ అమ్మని ముందు అడగాల్సింది. అడక్కుండా ఆమె బిడ్డ పక్కన ఇంకొకణ్ణి తెచ్చి నిలబెట్టా. అది నా తప్పే."

అయితే ఆ ప్రార్థన తప్పని ఒప్పుకుంటారా అని అడిగాను. ఒప్పుకోనన్నారు. కాపలా వద్దని నేనెప్పుడూ అనలేదు, ఇంటికి తలుపుండాల్సిందే, తలుపేసుకున్నంత మాత్రాన అవతల మనుషుల్లేరని కాదుగా అన్నారు. అని, అమ్మ అన్నం తిన్నదేమో చూడమని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ వారమే సంఘ పెద్దలు కూర్చున్నారు. ఇకనుంచి ప్రార్థన ముందే రాసి చూపించాలన్నారు. చూపిస్తాను గాని ఆ మాట అందులో ఉంటుందని టీచర్‌గారన్నారు. దాంతో విజ్ఞాపన ప్రార్థన ఇంకొకాయనకి ఇచ్చారు. దేశాన్ని, రాష్ట్రాన్ని, సంఘాన్ని దీవించమని మూడు ముక్కల్లో అయిపోయేది. గేదెలు లేవు, గుంటలు లేవు, యుద్ధాలు లేవు. టీచర్‌గారు మూడో వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవారు. శనివారం మాత్రం ఆ పేపర్లు పట్టుకుని వీధి తిరగడం మానలేదు. ఇంట్లో చేసుకుంటాగా, ఇంట్లోదైతే దేవుడికి వినపడదా అనేవారు. మా గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, అడక్కుండానే ముందుకి వెళ్ళేవారు. కిటికీలోంచి అమ్మ చూస్తూనే ఉండేది.

కాల్పులు ఆగిన కొన్నాళ్ళకి తమ్ముడు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి ఇక్కడ జరిగిందంతా నేనే కోపంగా చెప్పాను. వాడు అంతా విని ఇలా అన్నాడు.

"అక్కా, పొద్దున్నే అవతల పోస్టులో పొయ్యి పొగ కనపడుద్ది. మేం టీ పెట్టుకునే టైముకే వాళ్ళూ పెట్టుకుంటారు. కాల్పులాగిన రోజు మేమంతా ముందు ఆ పొగ కోసమే చూసాం. అది లేచినాకే మా పొయ్యి ముట్టించాం. టీచర్‌గారిని ఏమీ అనమాకండి."

అమ్మ ఆ మాట విని వంటింట్లోకి వెళ్ళింది. మా ఇళ్ళల్లో క్షమించమని నోటితో అడిగే అలవాటు లేదు, గిన్నెతో పంపిస్తారు. ఆ శనివారం ముక్త్యాల నుంచి చేపలు తెప్పించి పులుసు పెట్టి, టీచర్‌గారికి ఇచ్చి రమ్మంది. గిన్నె మర్చిపోకుండా తీసుకురా అని మాత్రం అంది. టీచర్‌గారు గిన్నె తీసుకుని మూత తీసి వాసన చూసి, మీ అమ్మ ఉప్పు కాస్త ఎక్కువే వేసి ఉంటుంది, ఏడుస్తూ వండుంటుంది అన్నారు. ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదని పెరట్లో నిమ్మకాయలు కోసి నింపారు. మర్నాటి నుంచి ఇద్దరూ మళ్ళీ గేటు దగ్గర నిలబడి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ధరలు, మోకాళ్ళు, టీవీ సీరియళ్ళు, తమ్ముడి పెళ్ళి సంబంధాలు, అన్నీ వచ్చేవి. ఆ ప్రార్థన ఒక్కటే ఎప్పుడూ రాలేదు.

నేను అన్న మాటకి మాత్రం నేను క్షమాపణ అడగలేదు. మా ఆఫీసులో తేలని అర్జీల మీద పరిశీలనలో ఉన్నదని రాసి పక్కన పెడతాం. నేనూ అలాగే పెట్టాను. వచ్చే సోమవారం బాక్సు తినేటప్పుడు అడుగుదాంలే అనుకునేదాన్ని. ఎన్ని సోమవారాలు వచ్చాయో. ఆవిడ మాత్రం నా బాక్సులో సగం తింటూ, నీ చేతి పప్పు బాగుంటుందే అనేవారు. ఆవిడకి ఆ మాట గుర్తు లేదని నేనెప్పుడూ నమ్మలేదు. గుర్తుండే అలా తిన్నారని తలుచుకుంటే నాకు ఇప్పుడు కళ్ళనీళ్ళు ఆగడం లేదు.

సమాధి కార్యక్రమానికి ఊరంతా వచ్చింది. దేశద్రోహి అని రాసిన కుర్రాళ్ళలో ఇద్దరు పెట్టె మోశారు. నేను వాళ్ళనేమీ అనలేదు. అనే అర్హత నాకెక్కడుంది?

నిన్న ఆదివారం మామూలుగానే ఆరాధన జరిగింది. విజ్ఞాపన ప్రార్థన వేళయింది. ఆ పని చేసే ఆయన గొంతు సవరించుకుంటుండగా ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ లేచి నిలబడింది. మా అమ్మ చర్చిలో నోరు విప్పి ఎరగదు, పాట కూడా పెదాల మీదే పాడుతుంది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు చెప్పమ్మా అన్నారు.

ముందు తమ్ముడి పేరు చెప్పింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"తండ్రీ, ఆ రోజు నేను లేచి పోయా. టీచరమ్మగారి ప్రార్థన సగంలో ఆగిపోయింది. ఆ మిగతా సగం ఇవాళ నేను చెప్తన్నా. ఆమెకి మల్లే నాకు దేశాల పేర్లు రావు. బాంబులు ఎక్కడెక్కడ పడతన్నాయో నీకు తెలుసు. గట్టు అవతల ఆ తల్లి కొడుకుని కూడా అన్నం వేళకి ఇంటికి చేర్చు. ఆమె కూడా తింటది. నా కూతురు టీచరమ్మగారిని ఒక మాటంది. ఆ మాట కూడా తీసెయ్యి."

అమ్మ గదిలోంచి అంతా విందని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

ఆమెన్ అనాలన్న సంగతి అమ్మకి గుర్తు రాలేదు. ఎవరూ అందించలేదు, తొందరపెట్టలేదు. బయట రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి. అమ్మ కళ్ళు మూసుకుని అలాగే నిలబడి ఉంది, ఇంకా చెప్పాల్సిన పేర్లేవో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టు పెదాలు కదుపుతూ.