రజాయి మీద పరీక్ష

నా మీద మా ఆవిడకున్న ఫిర్యాదు ఒకటే. ఎవరేం చెప్పినా నేను నమ్మను. నిజమే, నమ్మను. పేపర్లో "శాస్త్రవేత్తలు కనుగొన్నారు" అని కనబడగానే నాకు ముందు చిరాకు వస్తుంది, ఆ తర్వాతే చదువుతాను. ఎలుకల మీద చేశారా, మనుషుల మీద చేశారా, ఎంతమంది మీద చేశారు, ఇది తేలేదాకా కాఫీ కూడా గొంతు దిగదు. అలాగని నేనేమీ పెద్ద చదువరిని కాను. బీకాం. సైన్సుకూ నాకూ పదో తరగతితోనే చెల్లు. అయినా నా చెవిలో పువ్వులు పెట్టడం అంత తేలిక కాదని లోలోపల గర్వంగా ఉండేది.

మేము ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఫ్లాటు తీసుకుని చేరిన ఏడాది నీళ్ల ఫిల్టర్లు అమ్మే మనిషి ఒకడు వచ్చాడు. ఒక గ్లాసులో మా కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో తన మిషన్ నీళ్లు పోసి, రెండింట్లోనూ కరెంటు కడ్డీలు ముంచాడు. నిమిషంలో మా నీళ్లు బురద రంగుకు తిరిగాయి. అతని నీళ్లు తేటగానే ఉన్నాయి. "దేఖ్ లీజియే సర్, మీరు రోజూ తాగేది ఇదే" అన్నాడు. మా ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. నేను వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెచ్చి అతని గ్లాసులో వేసి, "ఇప్పుడు పెట్టు భయ్యా" అన్నాను. అవీ బురదయ్యాయి. ఆ రంగు నీళ్లలోది కాదు, ఇనుప కడ్డీల తుప్పు. ఉప్పులన్నీ తీసేసిన మిషన్ నీళ్లలో కరెంటు పారదు, ఉప్పు పడితే పారుతుంది, అంతే. అతను సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ కథను ఆఫీసులో, లిఫ్టులో, ఊళ్లో వాళ్లకు ఫోన్లో నేనెన్నిసార్లు చెప్పానో! చివరికి మా ఆవిడే "చాల్లెండి సంబడం" అని నోరు మూయించింది.

ఇంత అనుమానం మనిషిని కదా, నా సొంత మాటను మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. దాని ఫలితం మా అమ్మాయి అనుభవించింది.

ఏడాదిన్నర వచ్చినా పిల్లకు ఒక్క మాట రాలేదు. నవ్వేది, పాకేది, నడిచేది, మా ముఖాల్లోకి కళ్లార్పకుండా చూసేది. మాట మాత్రం లేదు. దానికి నేనొక సిద్ధాంతం కట్టాను. ఇంట్లో మేము తెలుగు. పనికొచ్చే దీదీ హిందీ. పై ఫ్లాటు ఆంటీ ఎత్తుకుంటే ఇంగ్లిషు. మూడు భాషలు ఒక్కసారిగా మీద పడితే పసిబుర్ర ఏం చేస్తుంది? లోపల సర్దుకుంటోంది, సర్దుకున్నాక ఒకేసారి గలగలా మాట్లాడుతుంది అన్నాను. ఢిల్లీలో ఉండే మన తెలుగువాళ్లందరూ తలూపారు. వాళ్ల పిల్లల్లో కూడా ఎవరో ఒకరు ఆలస్యంగా మాట్లాడినవాళ్లే. "కన్ఫ్యూజ్ హో జాతే హైఁ బచ్చే", పిల్లలు తికమకపడతారని పై ఫ్లాటు ఆంటీ కూడా ఒప్పుకుంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, అందులో ఒక్కొక్క కాలికి ఒక్కొక్క భాష.

మా ఆవిడకు నమ్మకం కుదరలేదు. "ఏవండీ, వెనక నుంచి పిలిస్తే తిరగట్లేదు. నాకెందుకో భయంగా ఉంది" అంది ఒక రోజు.

"భయమెందుకు? ఇప్పుడే తేల్చేద్దాం" అన్నాను. పిల్లను చెక్క దివాను మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి, స్టీలు పళ్లెం మీద గరిటెతో ఠంగుమని కొట్టాను. పిల్ల టక్కున తిరిగి చూసింది. "చూశావా?" అన్నాను. ఆవిడ చూసింది. రెండు నెలలు ఓపిక పట్టి, నన్నడగకుండానే ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో తేదీ తీసుకుంది.

అక్కడ వినికిడి పరీక్షలు చేసే మేడమ్ ఒక పంజాబీ ఆవిడ. యాభై దాటి ఉంటుంది. మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు, కాళ్లకు బాటా చెప్పులు. పిల్లకు మందు తాగించి నిద్రపుచ్చి, నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అంటించి, చెవుల్లో బుల్లి గొట్టాలు పెట్టింది. లోపల టక్ టక్‌మని చప్పుడు వెళ్తుందట. ఆ చప్పుడుకు నరం పలికితే తెర మీద గీత లేస్తుందట. చప్పుడు పెంచుకుంటూ పోయింది. గీత లేవలేదు. రెండో చెవికి మార్చింది. అక్కడా లేవలేదు. మేడమ్ కళ్లజోడు తీసి, రెండు చెవులూ దాదాపు ఏమీ వినడం లేదని మెల్లగా చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. మా ఆవిడ ఏడుస్తుంటే ఇంకా మండింది. "నిద్రపోయే పిల్ల ఎలా వింటుంది మేడమ్? మీ మిషనే తప్పు. ఇంట్లో నేను టెస్ట్ చేశాను, తిరిగి చూసింది" అని హిందీలో వాదించాను. బయటికి పొమ్మంటుందనుకున్నాను. పోట్లాటకు సిద్ధంగానే ఉన్నాను.

"అచ్ఛా! కైసే కియా?" అంది.

ఎలా చేశానో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది. పిల్ల దేని మీద కూర్చుంది? నేనెక్కడ నిలబడ్డాను? నా మోకాలు దివానుకు తగిలిందా? వెలుతురు ఏ వైపు నుంచి వస్తోంది? అప్పటిదాకా నన్నెవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు. ప్రశ్నలడగడం నా పని. చివరికి, "ఆప్ లేట్ జాయియే" అని నన్నే ఆ మంచం మీద పడుకోబెట్టి, ఆ తీగలే నా నుదుటికి అంటించి, కళ్లు మూసుకుని నిద్రపోయే ప్రయత్నం చేయమంది. చెవిలో టక్ టక్. కాసేపటికి లేపి, కాగితం చూపించింది. దాని మీద వరుసగా ఐదు చిన్న గుట్టలు. "ఇది మీ చెవి. మీరు పడుకున్నా అది పడుకోదు" అంది. దాని పక్కనే మా అమ్మాయి కాగితం పెట్టింది. అందులో గుట్టల్లేవు.

అప్పటికీ నేను ఒప్పుకోలేదు. ఆవిడ విసుక్కోలేదు కూడా. "ఠీక్ హై, నన్ను నమ్మకండి. ఇంటికెళ్లి మళ్లీ చేయండి. ఈసారి నేల మీద రజాయి మడత పెట్టి, దాని మీద కూర్చోబెట్టండి. మీ నీడ పిల్ల ముందు పడకుండా చూసుకోండి. దేన్నీ తాకకుండా నిలబడండి" అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అలాగే చేశాను. చలికాలం కప్పుకునే దూది రజాయి నాలుగు మడతలు వేసి, కిటికీ వైపు ముఖం పెట్టి పిల్లను కూర్చోబెట్టాం. మా ఆవిడ గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడింది. నేను వెనక నుంచి పళ్లెం మీద కొట్టాను. తిరగలేదు. గట్టిగా కొట్టాను. ఇంకా గట్టిగా, చెయ్యి నొప్పెట్టేలా కొట్టాను. బాల్కనీలో పావురాలు లేచిపోయాయి. కింద వాచ్‌మన్ "క్యా హువా సాబ్?" అని అరిచాడు. పిల్ల రజాయి అంచున ఊడిన దారం ఒకటి లాక్కుంటూ, దాన్నే చూసుకుంటూ కూర్చుంది. మొదటిసారి అది విన్నది పళ్లెం చప్పుడు కాదు, నా మోకాలు తగిలి దివాను చెక్కలో పుట్టిన అదురు. పుట్టినప్పటి నుంచి మేము మాట్లాడిన మూడు భాషల్లో ఒక్క ముక్క కూడా దానికి అందలేదు. గరిటె కింద పెట్టేసి, పిల్ల వెనకాలే కూలబడి ఏడ్చాను. నేనెందుకు ఏడుస్తున్నానో కూడా దానికి వినబడదు కదా అని ఇంకా ఏడ్చాను.

ఆపరేషన్ చేసి చెవి లోపల యంత్రం పెట్టవచ్చన్నారు. చెవి వెనక బయట ఒక చిన్న పరికరం, దాని నుంచి తల మీద అయస్కాంతంతో అతుక్కునే బిళ్ల ఒకటి. లోపల, నత్తగుల్లలాగా చుట్టుకున్న ఎముకలోకి వెంట్రుకంత తీగ. ఆ తీగ తిన్నగా నరానికే కబురు చెబుతుందట. పిల్ల తల తొలిచి తీగ పెట్టడమేమిటి! ఆఫీసులో కూర్చుని ఇంటర్నెట్లో దొరికిందల్లా ప్రింటు తీసి, ఒక నోటుబుక్కు నిండా ప్రశ్నలు రాసుకుని సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్కొక్కటికీ జవాబిచ్చాడు. "మామూలు పిల్లల్లా మాట్లాడుతుందా?" అని అడిగితే మాత్రం, "తెలియదు. వినబడేలా చేయడం నా చేతిలో ఉంది. మాట మీ ఇంట్లో పుట్టాలి" అన్నాడు. నాకు ఏదైనా అమ్మజూపినవాళ్లలో తెలియదన్న మొదటి మనిషి ఆయనే. అక్కడే సంతకం పెట్టాను.

గాయం మానాక, యంత్రాన్ని మొదటిసారి ఆన్ చేసే రోజు మళ్లీ ఆ పంజాబీ మేడమ్ దగ్గరికే వెళ్లాం. పిల్ల మా వైపు తిరిగి నవ్వుతుందని నేనేవేవో ఊహించుకున్నాను. బిళ్ల అతికించి, మేడమ్ కంప్యూటర్లో ఏదో నొక్కగానే పిల్ల బిగుసుకుపోయి, గుక్కపట్టి ఏడ్చింది. మా ఆవిడ గాభరాగా ఎత్తుకుంది. అయ్యో, ఎంత పని చేశామనుకున్నాను నేను. మేడమ్ మాత్రం కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. "రో రహీ హై! మతలబ్ సున్ రహీ హై!" ఏడుస్తోందంటే వింటోందన్నమాట. ఆవిడ కళ్లల్లో నీళ్లు. రోజూ ఇదే పని చేసే మనిషి!

మొదట్లో ఒకే భాష మాట్లాడండి, మీరు ఏ భాషలో మురిపెం చేస్తారో ఆ భాష, అని ఆవిడే చెప్పింది. మా బిల్డింగంతా హిందీ అంది. మా ఆవిడ తెలుగు అంది. ఇక చూడండి, పొద్దున్న లేచింది మొదలు ఆవిడ నోరు ఆగేది కాదు. "ఇదిగో పప్పు. పప్పు పొంగుతోంది. మూత తీద్దామా? అబ్బ, వేడి!" పిల్ల పెదాలు చదివి నెట్టుకురాకూడదని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చెప్పేది. రోజుకు ఎన్ని వందలసార్లు పప్పు పొంగిందో! నెలల తరబడి జవాబు లేదు. నాకైతే తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ విడిచిపెట్టలేదు. కొన్నాళ్లకు కుక్కరు కూత వేస్తే పిల్ల వంటింటి వైపు వేలు చూపించింది. ఇంకొన్నాళ్లకు "ప్ప" అంది. ఆ తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది, కొంచెం ముక్కుతో, కొంచెం సాగదీస్తూ.

నేనిప్పటికీ పేపర్లో సైన్సు వార్త చూస్తే ముందు చిరాకే పడతాను. సెల్‌ఫోన్ రేడియేషన్ ఆపే బిళ్లలు, అయస్కాంతం మంచాలు, జ్ఞాపకశక్తి మాత్రలు, ఎవడు తెచ్చినా గుమ్మంలోంచే పంపించేస్తాను. కానీ రాత్రి పిల్ల తల మీద బిళ్ల తీసి డబ్బాలో పెట్టేటప్పుడు, ఆ వెంట్రుకంత తీగను ఎవరో ఏ దేశంలోనో తలొంచుకుని, ఏళ్ల తరబడి తప్పులు చేస్తూ, మళ్లీ మొదలెడుతూ తయారుచేసి ఉంటారు కదా అనిపిస్తుంది. వాళ్లకు నా పేరు తెలియదు, వాళ్ల పేరు నాకు తెలియదు. చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. నేను గుళ్లో కూడా అంత మనసారా పెట్టి ఎరుగను.

పిల్లకు నాలుగేళ్లు నిండిన కొత్తలో ఒక రోజు నా సెల్‌ఫోన్ తీసుకెళ్లి స్నానాల గదిలో బకెట్‌లో ముంచింది. సబ్బు రాసి మరీ కడిగింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎదురుగా నిలబెట్టి, నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాను. పిల్ల నన్ను ఒక్క క్షణం ఎగాదిగా చూసింది. తర్వాత చెయ్యి పైకెత్తి, తల మీది బిళ్ల ఊడబెరికి, పిడికిట్లో పట్టుకుని, గోడ మీది కేలండర్ వైపు చూస్తూ నిలబడింది.

నేను నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయాను. వంటింటి గుమ్మంలో మా ఆవిడ నోట్లో చీర కొంగు కుక్కుకుని నవ్వాపుకుంటోంది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

కాసేపయ్యాక పిల్ల నా పెదాల వైపు ఓరగా చూసింది. అవి కదలడం లేదని రూఢి చేసుకుని, బిళ్లను జాగ్రత్తగా తల మీద అతికించుకుంది.

"తిట్టడం అయిపోయిందా నాన్నా?" అంది.