మాల వేయని కార్తీకం

మా ఆయన ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసేవారు. నల్ల బట్టలు, తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, చెప్పుల్లేని కాళ్ళు. ఇంట్లో అందరం స్వామీ అని పిలవాలి. ఆయన నన్ను మాతా అనేవారు. కట్టుకున్న మొగుడు మాతా అంటుంటే మొదట్లో నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేదాన్ని. తర్వాత్తర్వాత ఆ పిలుపే హాయిగా ఉండేది. ఎందుకంటే దీక్షలో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మందు వాసన ఉండేది కాదు.

మిగతా ఏడాదంతా సాయంత్రమైతే కాలువ గట్టే. స్నేహితులు, వేయించిన చేపలు, సీసా. మొదటి గ్లాసు దాకా మా ఆయనంత సరదా మనిషి ఈ చుట్టుపక్కల లేరు. ఆ నవ్వులు మా పెరట్లోకి వినపడేవి. అవన్నీ అక్కడే అయిపోయి, ఇంటికి వేరే మనిషి వచ్చేవాడు. కంచం విసిరేసే మనిషి. ఆ అడుగుల చప్పుడు వినగానే మా అమ్మాయి పుస్తకాలు తీసుకుని నాయనమ్మ మంచం పక్కకి వెళ్ళిపోయేది.

నేనేమైనా అంటే జవాబు సిద్ధంగా ఉండేది.

"మాలలో చుక్కైనా ముట్టుకున్నానా? ఎప్పుడు కావాలంటే అప్పుడు మానెయ్యగలను."

నేనూ నమ్మేదాన్ని, అదీ నా తెలివి. శబరిమల నుంచి రాగానే మా అత్తగారు కొడుకు మెడలో మాల తీసేవారు. ఆ సాయంత్రమే ఆయన గట్టు మీద ఉండేవారు. స్వామీ అన్న పిలుపు నా నోట అక్కడితో ఆగిపోయేది.

కిందటేడు కార్తీకం రాబోతుంటే నల్ల పంచెలు ఉతికి ఆరేశాను. ఆయన వాటిని తీగ మీద నుంచి తీసి, మడతపెట్టి నా చేతికిచ్చారు.

"ఈ ఏడు మాల వెయ్యనే," అన్నారు.

ఏడాది మొత్తానికి నాకు మిగిలింది ఆ కాసిని రోజులే. "దేవుడికి కూడా ఎగనామం పెడతారేంటండీ?" అని గట్టిగానే అడిగాను.

"అరవకే. మాల వేస్తే తీసే రోజొకటి ఉంటుంది. వేసుకున్నప్పట్నుంచీ ఆ రోజు కోసమే చూస్తుంటాను. ఒంటి మీద నల్ల బట్టలేగానీ, మనసు గట్టు మీదే. ఈసారి తీసే రోజనేది లేకుండా మానేద్దామని."

నేను నమ్మలేదు. మాలలో ఉన్నవాడికి ఎవరూ గ్లాసు చూపించరు, పాపమని భయం. మాల లేనివాణ్ణి ఎవరు వదులుతారు? స్నేహితులు ఇంటి ముందుకొచ్చి బండి హారన్ కొట్టేవారు. "స్వామివి కూడా కాదుగా, ఏంటి బావా బెట్టు?" అనేవారు. ఈయన గుమ్మంలో నిలబడి "రానురా, మానేశాను" అనేవారు. లోపలికొచ్చి చెంబెడు మజ్జిగ తాగి, కొబ్బరి మొక్కలకి నీళ్ళు పోసేవారు. పోసిన మొక్కకే మళ్ళీ పోసేవారు. అన్నం పెడుతూ నేను కాస్త వంగితే, "వాసన చూస్తున్నావా? సరిగ్గా దగ్గరకొచ్చి చూడు" అని నవ్వేవారు. నేనేం మొహమాటపడలేదు. రోజూ చూశాను.

ఊళ్ళో స్వాములు శబరిమల వెళ్ళొచ్చి మాలలు తీసేశారు. ఆ సాయంత్రం గట్టు మీది నవ్వులు మా పెరట్లోకి వచ్చాయి. ఈయన మజ్జిగ కూడా అడగలేదు. అమ్మాయి పక్కన కూర్చుని దాని లెక్కల పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారు. దానికొచ్చినన్ని లెక్కలు ఈయనకి రావు. అమ్మాయి మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

మాల వేసిన మొగుళ్ళు మా వీధిలో చాలామందికి ఉన్నారు. మాల లేకుండా నిలబడ్డవాడు నా మొగుడు. ఈ మాట ఎంతమందిలోనైనా తలెత్తుకుని చెబుతాను.

మళ్ళీ కార్తీకం వచ్చింది. నల్ల పంచెలు పెట్టెలోనే ఉన్నాయి. ద్రాక్షారామం వెళ్ళి దీపం పెట్టి వచ్చి, అన్నం వడ్డిస్తున్నాను. ఈయన గళ్ళ లుంగీలో కంచం ముందు కూర్చున్నారు.

"పెరుగు వెయ్యనా, స్వామీ?" అన్నాను.

వేళాకోళమనుకుని తలెత్తారు. నేను నవ్వడం లేదు. కంచం నా వైపు జరిపి, "వెయ్యి, మాతా" అన్నారు.