గ్రైండరు వైరు ఎవరు కాల్చారు?

ఈరోజు మిక్సీ వైరు చేతికి వేడిగా తగిలింది. వెంటనే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, మిక్సీని రిపేరుకు పక్కన పెట్టేశాను. కానీ దాన్నుంచి వచ్చిన కాలిన రబ్బరు వాసన నన్ను తమిళనాడు ధర్మపురిలోని మా పాత వంటింట్లోకి లాక్కుపోయింది.

ఇల్లంతా అదిరిపోయేలా ఇడ్లీ పిండి రుబ్బే ఆ పెద్ద రాతి గ్రైండర్లు మీకు గుర్తున్నాయా? మా గ్రైండరు వైరు పాడైతే, కరెంటు పని చేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, కొత్తది వేశానన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

వారం తిరగకముందే ఆ వైరు మెత్తబడి పొగ వచ్చింది. నేను పట్టుకోబోయాను.

"తాకొద్దు పాపా! ముందు మెయిను ఆపల్ల!" అని అరిచి, అమ్మ చేతులు తుడుచుకుని మెయిను ఆపింది. చల్లారాక వైరు మధ్యలో ఉన్న నల్ల టేపు విప్పింది. లోపల, పందిట్లో రంగు బల్బులకు వాడే సన్నటి పాత వైరు ముక్క అతికించి ఉంది. ఇద్దరం చూశాం.

సాయంత్రం మామ వచ్చాడు. ఏమైందని నాయన అడిగితే, మామ ఎదుటే అమ్మ చెప్పింది.

"పాప తడి చెయ్యి పెట్టేసినాది. దాంతోనే కాలిపోయినాది."

"నేను తాకనేలేదు నాయనా!"

"తప్పు చేసి అబద్ధం గూడానా?" అని నాయన కసిరాడు. మామ తలవంచుకుని కాఫీ తాగాడు.

మామ వెళ్లాక అమ్మ నా పక్కన కూర్చుంది. "వాడు నా తమ్ముడు గదా పాపా," అంది.

మరి నేను నీకేమవుతానని అడగడం అప్పుడు నాకు చేతకాలేదు.