గడి కొట్టంలో నూలు వడికిన ఏడాది

నేను సాలె ఇంట్లో పుట్టి, సాలె ఇంటికే కోడలిగా వెళ్లాను. ఊహ తెలిసినప్పటి నుంచీ కండెలు చుట్టాను, పడుగుకు గంజి పట్టించాను. అయినా పత్తి నూలెలా అవుతుందో పందొమ్మిదేళ్లు వచ్చేదాకా చూడలేదు. నూలంటే జనగామ సేటు దుకాణం నుంచి కట్టలు కట్టలుగా వచ్చేదే. అంతకుముందు అది ఎక్కడ ఉండేదో మా ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేరు.

మా అత్తవారి ఊరు బచ్చన్నపేటకు రెండు క్రోసుల దూరం. నైజాం సర్కారుకూ యూనియన్ సర్కారుకూ చెడి సరుకులు ఆగిపోయిన రోజుల్లో మాకు ముందు కిరసనాయిలు కరువైంది, తర్వాత ఉప్పు, ఆ తర్వాత నూలు. మామ మూడుసార్లు జనగామకు నడిచి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. మూడోసారి దారిలో రజాకార్లు ఆపి, సంఘపోడివా అని అడిగి, తలపాగా విప్పించి చూసి వదిలారు. ఇక మళ్లీ వెళ్తానంటే అత్త ఒప్పుకోలేదు. ఇంట్లో రెండు మగ్గాలూ ఆగిపోయాయి. పొద్దున్నే మగ్గం చప్పుడు వినపడకపోతే ఇంట్లో ఎవరో మంచాన పడ్డట్టుండేది.

అదే సమయంలో ఊరి నిండా పత్తి ఉంది. అంతకు ఏడాది ముందే, రైతుల సంఘం తిరగబడితే, దొర హైదరాబాదు వెళ్లిపోయాడు. వెట్టి పోయింది. సంఘం పంచిన భూముల్లో కొందరు తొలిసారి తమ కోసం పత్తి వేసుకున్నారు. తీరా చేతికొచ్చాక జనగామలో కొనేవాళ్లు లేరు, బండి కట్టుకుని పోయే ధైర్యమూ లేదు. ధాన్యం గుమ్ముల్లో, మంచాల కింద, దాలి పక్కన ఎక్కడ చూసినా పత్తే. ఒక వాడలో పత్తి కుప్పలు, పక్క వాడలో ఖాళీ మగ్గాలు. ఒకరోజు మామకు అన్నం పెడుతూ అడిగాను, ఇంత పత్తి ఉన్నది గదా, దీన్ని నూలెట్ల చేస్తరు అని. ఆయన చెయ్యి ఆపి ఆలోచించాడు. వాళ్ల తాత కాలంలో మాలవాడ ఆడవాళ్లు వడికేవారట, మిల్లు నూలు వచ్చాక ఆ పని పోయిందట. ఇప్పుడు ఎవరికి యాదుంటుంది అని మళ్లీ తినసాగాడు.

నాకు మాత్రం అది తెలుసుకోకుండా ఉండబుద్ధి కాలేదు. బావి దగ్గర కనబడిన ప్రతివాళ్లనూ అడిగాను. మాలవాడ చివరింట్లో ఉండే అవ్వకు వడకడం వచ్చునని ఒకామె చెప్పింది. అక్కడికి పోతానంటే అత్త వద్దంది. మామ అడ్డు చెప్పలేదు. అదే ఒప్పుకోలు అనుకుని వెళ్లాను.

అవ్వ వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు కింద పెట్టి, ఎవలన్న పంపిన్రా అమ్మా అని అడిగింది. మా వాడలో ఆమెను అందరూ ‘ఏమే’ అనే పిలిచేవాళ్లు. సంఘం వచ్చాక ఆ మాట అనడానికి నాలుక వెనకాడేది. “రాట్నం చూద్దామని వచ్చిన అవ్వా” అన్నాను. ఎగతాళి చేస్తున్నానేమోనని ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత అటక మీద నుంచి ఒక విరిగిన చక్రం, కదురనే తుప్పు పట్టిన ఇనుప పుల్ల దించింది. చక్రం తిరగలేదు. అయినా ఆమె గుప్పెడు పత్తి తీసి, వేళ్లతో గింజలు గిల్లి, దూదిని విదిలించి, కదురును తొడమీద ఒక్క దొర్లు దొర్లించింది. వేళ్ల మధ్య నుంచి సన్నగా, తెల్లగా నూలు బయటికొచ్చింది. జీవితమంతా నేను ముట్టుకున్న వస్తువు పుట్టడం అప్పుడే మొదటిసారి చూశాను. నాకు కూడా నేర్పమన్నాను.

“సాలోల్ల కోడలివి. నా పక్కన కూసుంటవా?” అని అడిగింది.

కూర్చున్నాను. ఆ వారమంతా నేను వడికింది నూలు కాదు, ముడులు. అయినా రోజూ వెళ్లాను. నాతోపాటు ఇంకో ఇద్దరు వచ్చారు, ఆ తర్వాత ఆరుగురు. మా ఊళ్లో వడ్రంగం చేసే వడ్లాయన విరిగిన చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తుమ్మ కర్రతో కొత్త రాట్నాలు చేయడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి దొర ఉండే గడికి తలుపులూ మంచాలూ వెట్టికి చేసిన మనిషి. రాట్నం మాత్రం ఎన్నడూ చేయలేదట. ఒక్కోటి తయారుకాగానే అవ్వ ముందు పెట్టి తిప్పేవాడు. ఆమె కళ్లు మూసుకుని చప్పుడు విని, చక్రం ఆకులు ఎక్కడ ఎగుడుదిగుడుగా ఉన్నాయో చెప్పేది.

అవ్వ ఇల్లు చాలకపోతే సంఘంవాళ్లు గడిలో ఎడ్ల కొట్టం వాడుకొమ్మన్నారు. ముప్ఫై ఏళ్లు ఆ కొట్టంలో పెండ ఎత్తింది అవ్వే, కానీ ఎప్పుడూ వెనక సందులో నుంచే వెళ్లేదట. ఆ రోజు ముందు దర్వాజ దగ్గర కాసేపు నిలబడిపోయింది. లోపలికి వచ్చాక కూడా గడప పక్కనే కూర్చుంది.

పటేలు ఇంటి కోడలు కూడా చూడ్డానికి వచ్చింది. మా వాళ్లందరికంటే ఎక్కువ భూమి ఉన్న ఇల్లు అది. రెండు రోజులు నిలబడి చూసింది, మూడో రోజు కొంచెం ఎడంగా కూర్చుని రాట్నం ముందేసుకుంది. మూరెడు నూలు రాకముందే తెగిపోయేది. అవ్వ గడప దగ్గర నుంచే ఇట్ల పట్టు, అట్ల లాగు అని చెబుతూ వచ్చింది. చివరికి ఆగి, “దూరం నుంచి చెప్తే రాదమ్మా ఇది. చెయ్యి వట్టి చూపియ్యాలె” అంది.

రాట్నాలన్నీ ఆగిపోయాయి. పటేలు కోడలు తల వంచుకుని తన వేళ్ల వైపు చూసుకుంది. తర్వాత చెయ్యి చాపింది. “పట్టు అవ్వా” అంది.

అవ్వ ముట్టుకున్నందుకు ఆ రోజు పటేలు కోడలు స్నానం చేశాకే ఇంట్లోకి వెళ్లిందని నాకు తెలుసు. తర్వాత కూడా రోజూ చేసిందో లేదో తెలియదు. రావడం మాత్రం మానలేదు.

మా నూలు మగ్గం మీద నిలవలేదు. పడుగు ఒకటే తెగడం. మామ రెండు రోజులు విసుక్కుని, మూడో రోజు తెగిన పోగులు పట్టుకుని తనే కొట్టానికి వచ్చాడు. నిలువు పోగులైన పడుగుకు గట్టిగా మెలి పడాలని, అడ్డం పోగులైన పేకకు మెత్తగా ఉన్నా నడుస్తుందని అవ్వకు చెప్పాడు. ఏ నూలు దేనికో ముందే చెబితే అట్లనే వడికేదాన్ని గదా అని ఆమె అంది. ఇద్దరూ ఆ పూటంతా ఒక పోగును మెలి పెడుతూ, విప్పుతూ మాట్లాడుకున్నారు. మామ జొన్నగంజి చిక్కగా పట్టించి మళ్లీ నేశాడు. మొదటి దుప్పటి ఒక అంచు వదులు, ఒక అంచు బిగువు. గోనెసంచి లెక్కున్నదని మామ నవ్వాడు, చాలా నెలల తర్వాత.

పదకొండు దుప్పట్లు అయ్యాక అవ్వను కూడా ఎక్కించుకుని బచ్చన్నపేట అంగడికి బండి కట్టాం. సేట్లు రాక ఆ అంగడి అప్పటికే సన్నబడి, నాలుగు కూరగాయల గంపలు మిగిలాయి. జనం దుప్పట్లను వేళ్లతో నలిపి, వెలుగుకు పట్టి చూశారు. ఒక గొల్లాయన ఇది ఏ మిల్లుదని అడిగితే మామ అవ్వను చూపించాడు. జొన్నలకు, మిరపకాయలకు, చింతపండుకు మధ్యాహ్నానికే అన్నీ పోయాయి. మరుసటి వారం నర్మెట్ట వైపు నుంచి కొందరు వడికించుకోవడానికి పత్తి తెచ్చారు. కుండలు వచ్చాయి, గానుగ నూనె వచ్చింది. ఎక్కడెక్కడో దాగిన వస్తువులన్నీ ఆ అంగడి కోసమే ఎదురుచూస్తున్నట్టు బయటికొచ్చాయి.

యూనియన్ మిలిటరీ వచ్చాక రజాకార్లు పోయారు కానీ, సంఘంవాళ్ల కోసం సోదాలు మొదలయ్యాయి. గడిలో మిలిటరీ దిగింది. వడ్లాయన ఇంట్లో సంచెడు ఇనుప కదుర్లు దొరికితే, ఏవో ఆయుధాలనుకుని ఆయన్ను పట్టుకుపోయి కొట్టంలో కూర్చోబెట్టారు. ఆయన చెప్పేది వాళ్లకు అర్థం కాలేదు. ఆయన భార్య ఏడుస్తూ అవ్వ దగ్గరికి వచ్చింది. అవ్వ కొంగున కొంచెం దూది కట్టుకుని, రాట్నం చంకన పెట్టుకుని బయలుదేరింది. నేను వద్దన్నా వినలేదు. నేనూ వెంట వెళ్లాను.

తెలుగు రాని జవాను ఒకడు ఆమెను ఆపాడు. అవ్వ అక్కడే నేల మీద కూర్చుని, పక్కనే పడేసి ఉన్న ఆ కదుర్ల సంచిలోనుంచే ఒకటి తీసుకుని బిగించి వడకడం మొదలుపెట్టింది.  నూలు తెగకుండా వచ్చింది. జవాను వంగి చూశాడు. ఇంకొకణ్ని పిలిచాడు. వాడు చతికిలబడి, తనే చక్రం నాలుగు చుట్లు తిప్పి, నవ్వుతూ వాళ్ల భాషలో ఏదో అన్నాడు. వడ్లాయనను మర్నాడు పొద్దున వదిలారు. కదుర్లు తిరిగిచ్చారు, కొట్టం మాత్రం ఇవ్వలేదు.

ఆ తర్వాత ఎవరిళ్లలో వాళ్లం వడికాం. జనగామకు మళ్లీ మిల్లు నూలు రావడంతో ఆ పని మెల్లగా తగ్గింది. చీరలకు ఆ నూలే నయమని మామ కూడా ఒప్పుకున్నాడు. దుప్పట్లకు మాత్రం చాలా ఏళ్లు అవ్వ నూలే తీసుకున్నాడు. అంగడి నిలబడింది. ఆమె చెయ్యి ఆడినన్నాళ్లు వారం వారం అక్కడ కూర్చుంది.

నీకు వడకడం ఎవరు నేర్పారని ఒకసారి అవ్వను అడిగితే, ‘మా అత్త’ అని చెప్పింది. వాళ్ల అత్తకు ఎవరు నేర్పారో, ఎక్కడి నుంచి ఆ విద్య ఆ ఇంటికొచ్చిందో అడుగుదామనుకుంటూనే ఉండిపోయాను.